తూచేదాకా ముట్టుకోకూడదు

ముందే చెప్పేస్తున్నాను, నాకు అసూయ ఎక్కువ. దాచుకునేదేమీ లేదు, దాచినా దాగదు, మొహంలోనే కనిపించేస్తుంది. ఎదురింటావిడ కొత్త చెప్పులు కొనుక్కుంటే రెండు పూటలు నాకు తిండి సయించదు. మా ఆయన గురించి చెప్పమని ఎవరైనా అడిగితే ఆయన సంగతులు తక్కువా, నా కడుపుమంట ఎక్కువా అయిపోతుంది. అయినా ఆయన కథ నేను కాకపోతే ఇంకెవరు చెబుతారు? ఆయన నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడితే ఆ రోజు మా ఇంట్లో విశేషమే.

మా ఆయన కాటాలు బాగుచేస్తాడు. మెయిన్ రోడ్డు దాటిన రెండో సందులో, మేడ మెట్ల కింద, సరిగ్గా నిలబడితే తలకు తగిలే కొట్టు. పళ్ళబండ్ల చేతి కాటాలు, మందుల షాపుల చిన్న త్రాసులు, పాత సామాన్లు కొనేవాళ్ళ ఇనప పలక కాటాలు అన్నీ అక్కడికే వస్తాయి. కొట్టులో ఒక చెక్క పెట్టె ఉంది. లోపల నీలం మఖమలు గుడ్డ, అందులో గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో ఇత్తడి గుండు. ఏ కాటా నిజం చెబుతోందో ఏది దొంగో ఆ గుండ్లే తేల్చాలి. వాటిని ఆయన ఒట్టి చేత్తో ముట్టుకోడు. చెమట అంటితే బరువు మారుతుందట. మెత్తటి తోలు ముక్కతో పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెడతాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా చెయ్యి అంత జాగ్రత్తగా పట్టుకున్న పాపాన పోలేదు. ఆ గుండ్లను చూస్తే నాకు సవతులను చూసినట్టే ఉండేది.

ఆయన మాట కూడా తూకమే. కూర ఎలా ఉందంటే "ఉప్పు కొంచెం తక్కువ" అంటాడు, తక్కువైతేనే అంటాడు. పెళ్ళయిన వారానికి నన్ను కొట్టు చూపిస్తానని తీసుకెళ్ళి, పెద్ద కాటా మీద నిలబెట్టి, ఫ్యాను కట్టేసి, ముల్లు కదలకుండా ఆగేదాకా చూసి, "యాభై ఏడున్నర" అన్నాడు. అంతే. చక్కగా ఉన్నావు, నచ్చావు లాంటి మాటలేమీ లేవు. ఆ తర్వాత కూడా నేను బాగున్నానా అని అడిగినప్పుడల్లా "వంక పెట్టడానికేం లేదు" అనేవాడు. పక్కవాళ్ళ మొగుళ్ళు అబద్ధాలాడైనా పెళ్ళాలను పొగుడుతారు. నా మొగుడు నాకోసం ఒక్క అబద్ధమైనా ఆడడేమని నేను లోలోపల కుళ్ళిపోయేదాన్ని.

నేను కాగితం గోదాములో పని చేస్తాను. రీముల కట్టలు లారీ నుంచి దించి, అరల్లోకి ఎక్కించడం నా పని. నాకు నలభై ఆరేళ్ళప్పుడు, పక్కనున్న హైస్కూలుకి కాగితం కట్టలు తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రిల్లు మాస్టారు నేను కట్ట ఎత్తే తీరు చూసి, సాయంత్రాలు స్కూలు హాలుకి రమ్మన్నాడు. అక్కడ వెయిట్‌లిఫ్టింగ్ నేర్పేవాడు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని వీధంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించే అవకాశం దొరికింది, వదులుతానా? అయిదేళ్ళు తిరిగేసరికి, నేల మీంచి భుజాలకూ అక్కడి నుంచి తల పైకీ, డెబ్బై ఎనిమిది కిలోలు ఎత్తాను. యాభై నుంచి యాభై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో, నా ఒంటి బరువు తరగతిలో, అది ప్రపంచ రికార్డు.

ఇక్కడ ఎత్తితే ప్రపంచ రికార్డు ఎలా అవుతుందని అందరూ అడుగుతారు. ఎక్కడ ఎత్తినా అవుతుంది, కాకపోతే కాగితాలు నడవాలి. పోటీకి ముందే సంఘం అనుమతి ఉండాలి. లైసెన్సు ఉన్న రిఫరీలు ముగ్గురు కూర్చోవాలి. పోటీకి రెండు గంటల ముందు ఒంటి బరువు చూస్తారు, పుట్టిన తేదీ కాగితం చూస్తారు. ఎత్తాక మూడింట్లో కనీసం రెండు తెల్ల లైట్లు వెలగాలి. వెలిగిన క్షణం నుంచి మందుల పరీక్ష చేసే ఆఫీసరమ్మ మన వెంటే ఉంటుంది, సీసాలో మూత్రం పోసి ఇచ్చేదాకా మన నీడను కూడా వదలదు. ఇవన్నీ అయినా అసలైంది ఇంకొకటి ఉంది. ఎత్తిన బార్‌ను, దాని మీదున్న బిళ్ళలతో, బిగింపులతో సహా ఉన్నదున్నట్టు కాటా మీద పెట్టి తూచాలి. ఇనుము అరిగిపోతుంది, బిళ్ళ మీద రాసిన అంకె ఒకటి, అసలు బరువు ఒకటి కావచ్చు. అందుకని రికార్డు ఎత్తిన బార్‌ను తూచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ తూకం కాగితం మీద సంతకం పడితేనే మిగతా కాగితాలకి విలువ. అన్నీ కలిపి దూరాన ఉన్న పెద్దాఫీసుకి పంపితే, వాళ్ళు పరిశీలించి, రెండు మూడు నెలలకి జాబితాలో పాత పేరు కొట్టేసి కొత్త పేరు ఎక్కిస్తారు.

మా ఊళ్ళో ఆ తూకం వేసేది మా ఆయనే. పోటీ ఉన్న ఆదివారం తన కాటా మోసుకొచ్చి, నేల మట్టం చూసుకుని, హాల్లో ఫ్యాన్లన్నీ కట్టించేసి, జనం ఉక్కతో తిట్టుకుంటుంటే తాపీగా తూచేవాడు. నా రికార్డు రోజు కూడా ఆయనే తూచాడు. మొగుడు పెళ్ళాం బార్ తూచడమేమిటని ఒక్కరూ అనలేదు, ఆయన తూకమంటే అంత నమ్మకం. జాబితాలో నాకన్నా ముందున్నది సముద్రాల అవతల ఎక్కడో ఉన్న ఒక నర్సు, డెబ్బై అయిదు కిలోలు. ఆమె పేరు పోయి నా పేరు ఎక్కింది. ఆ కాగితం గోదాములో అతికించాను, ఇంట్లో అతికించాను, ఎవరైనా నీళ్ళు తాగడానికి వచ్చినా దాని ముందు నిలబెట్టేదాన్ని.

ఇక మా తోటికోడలు. మా మరిది పెళ్ళాం. నాకన్నా ఆరేళ్ళు చిన్న, మా వీధి చివర ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ అందరూ ఆమెనే మెచ్చుకుంటారు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ చిన్నదాని చేతి రుచే వేరు అనేది, నేను వడ్డించిన కంచం ముందు కూర్చునే అనేది. కుట్టు మిషను మీద వంగి వంగి నడుం పట్టేసిందని ఆమె బాధపడుతుంటే, హాలుకి రా, బాగవుతుంది అని నేనే తీసుకెళ్ళాను. జాలితో అనుకునేరు. నేను ఎత్తుతుంటే అది నోరు తెరుచుకుని చూడాలని తీసుకెళ్ళాను. చూసింది కూడా, రెండు వారాలు. మూడో వారం డ్రిల్లు మాస్టారు దాని చేతికి బార్ ఇచ్చాడు. ఆ రోజే నా గుండెలో రాయి పడింది. నేను ఏడాది పాటు పడిలేచి నేర్చుకున్న పట్టు దానికి మూడు నెలల్లో వచ్చేసింది. పైగా ఎవరు మెచ్చుకున్నా "అంతా అక్క చలవే" అనేది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయేది. తిట్టుకోవడానికి సందు కూడా ఇవ్వని మనిషిని ఏం చేసుకుంటాం?

ఆమెకి యాభై నిండాయి. నాకు యాభై ఆరు వచ్చాయి. అంటే నా వయసు తరగతి నేను దాటేశాను, ఒంటి బరువులో నా తరగతిదే అయిన ఆమె నా రికార్డున్న చోటికి వచ్చింది. ఆమె ఆ రికార్డు పడగొడితే తిరిగి నిలబెట్టుకునే దారి నాకు లేదు. అది ఆలోచిస్తే రీముల కట్టలు లెక్క తప్పేవి.

ఆ ఆదివారం పోటీలో నేను బార్ మీద బిళ్ళలు ఎక్కించే పనిలో ఉన్నాను. నాతోపాటు ఇంకో పక్క ఒక వెల్డరు. మా తోటికోడలు మొదటిసారి డెబ్బై రెండు ఎత్తింది, రెండోసారి డెబ్బై ఆరు. మూడోసారికి డెబ్బై తొమ్మిది అడిగింది. నా చేతులతో నేనే ఎక్కించాను. ఒక్కో పక్క పెద్ద ఎర్ర బిళ్ళ, చిన్న ఎర్రది, నీలంది, ఆపైన బిగింపు. ఆమె వచ్చి, చేతులకి సుద్ద రాసుకుని, ఎత్తేసింది. వణకలేదు, తడబడలేదు. మూడు తెల్ల లైట్లు వెలిగాయి. హాలు దద్దరిల్లిపోయింది. మా మరిది కుర్చీ ఎక్కి చప్పట్లు కొడుతున్నాడు. ఆఫీసరమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. వెళ్తూ వెళ్తూ మా తోటికోడలు వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వెతుక్కుని, నవ్వింది.

మా ఆయన అవతల గోడ దగ్గర కాటా పలక తుడుచుకుంటున్నాడు. ఆయన తుడవడం మొదలెడితే నాలుగు నిమిషాలు. వెల్డరు నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. బార్ నా ముందు ఉంది. నేను వంగి, నా వైపు బిగింపు ఊడదీసి, నీలం బిళ్ళ లాగి, చిన్న ఎర్రది లాగి, పక్కనున్న స్టాండులో అలాంటివే మరో పది ఉంటే వాటి మధ్యలో పెట్టేశాను.

అలవాటులో జరిగిపోయిందనే అందరూ అనుకున్నారు. బిళ్ళలు ఎక్కించేవాళ్ళ చేతులు అలాంటివే, ఒకరు ఎత్తాక బార్ విప్పడం ఊపిరి తీసినంత మామూలు. పెద్ద రిఫరీ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, తల పట్టుకుంది. మా ఆయన కాటా తోసుకుంటూ వచ్చి, ఒక పక్క పెద్ద బిళ్ళ ఒక్కటే మిగిలిన బార్‌ను చూసి ఆగిపోయాడు. నా వైపు చూశాడు. పెద్ద రిఫరీ ఆయనకి నచ్చజెప్పింది, అన్నీ ఒకే సెట్టు బిళ్ళలే కదా, ఆ రంగువే తీసి మళ్ళీ తగిలించి తూచేయండి, ఎవరికి నష్టం అంది. మా మరిది అన్నయ్యా అంటూ గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. మా ఆయన స్టాండు వైపు చూసి, ఆ పదింట్లో ఏవి ఎత్తినవో తనకి తెలియదని చెప్పి, కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు: తూకం వేయకముందే బార్ విప్పబడింది. దాంతో డెబ్బై తొమ్మిది గాల్లో కలిసిపోయింది.

మా తోటికోడలు పరీక్ష గది నుంచి బయటికొచ్చాక విషయం తెలిసి కాసేపు నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి, నువ్వు బాధపడకక్కా, చేతులకి ఏం తెలుస్తుంది, వచ్చే పోటీలో మళ్ళీ ఎత్తుతాను అని నన్నే ఓదార్చింది. నేను మొహం మాడ్చుకుని తల ఊపాను. లోపల మాత్రం పండగ చేసుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను, ఇంటికి వెళ్ళి గోడ మీది కాగితం తుడిచి మరీ చూసుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం గోదాము నుంచి వస్తూ కొట్టుకి వెళ్ళాను. మా ఆయన నన్ను చూసి షట్టరు సగం దించాడు. ఫ్యాను కట్టేశాడు. ఏదో తూచబోతున్నాడనుకున్నాను.

"నీ డెబ్బై ఎనిమిదిని నేను తూచలేదు," అన్నాడు.

తూచారు, కాగితం ఉంది, మీ సంతకం ఉంది అన్నాను.

"సంతకం నాదే. తూకమే లేదు. నిన్ను పరీక్ష గదిలోకి తీసుకెళ్ళారు. నేను కాటా సరిచేసుకుని తల ఎత్తేసరికి, బార్ విప్పేసి తర్వాతి ఆవిడకి బిళ్ళలు ఎక్కిస్తున్నారు. కాగితం నా ముందుంది. ఏం రాయాలా అని కూర్చున్నాను. ఇంతలో నువ్వు తలుపు తీసుకుని బయటికొచ్చావు. నీ మొహం చూశాను. రాసేశాను."

ముప్ఫై ఏళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే. నాకు ముందు తోచింది రికార్డు కాదు. మరి మొన్న మీ తమ్ముడి పెళ్ళానికి ఎందుకు రాయలేదు, అంతమంది బతిమాలారు కదా అని అడిగాను.

"ఆమె నువ్వు కాదు కదా," అన్నాడు.

సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. గ్రాము తేడా వస్తే నిద్రపోని మనిషి, కన్నతల్లి అడిగినా తూకం మార్చని మనిషి, నా మొహం చూసి డెబ్బై ఎనిమిది కిలోల అబద్ధం రాశాడు. ఆ మాట జాబితాలో నా పేరు చూసుకున్న రోజుకన్నా ఎక్కువ తీపిగా ఉంది. ఆ తీపి పూర్తిగా మింగనైనా మింగకుండానే ఆయన మళ్ళీ అన్నాడు.

"బిళ్ళ తీసేముందు నువ్వు నా వైపు చూశావు. చూస్తున్నానో లేదో అని. అదీ చూశాను."

ఆయన సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. పెద్దాఫీసుకి రాసిన ఉత్తరం. అయిదేళ్ళ కింద ఫలానా పోటీలో బార్ తూచకుండా తూచినట్టు సంతకం చేశానని, తప్పు తనదేనని, ఎత్తిన మనిషికి ఆ సంగతి తెలియదని రాశాడు. ఇది వెళ్తే నా పేరు పోతుంది, పాత నర్సు పేరు మళ్ళీ వస్తుంది. ఆయన తూకం పనీ పోతుంది. పంపమంటే పంపుతాను, చించమంటే చించుతాను, నీ ఇష్టం అని షట్టరు ఎత్తేశాడు.

ఆ కవరు నా పని బట్టల జేబులో రెండు వారాలు తిరిగింది. చించేద్దామని మూడుసార్లు బయటికి తీశాను. నేను ఎత్తలేదా? ఎత్తాను. మూడు లైట్లు వెలగలేదా? వెలిగాయి. ఎవరో తొందరపడి బార్ విప్పితే నేనెందుకు పోగొట్టుకోవాలి? అలా వాదించుకుంటూ ఉండేదాన్ని, వాదించిన ప్రతిసారీ చివరికి మా తోటికోడలు కూడా ఇదే మాట అనొచ్చు కదా అన్న చోటికి వచ్చి ఆగేదాన్ని. పైగా నా రికార్డు పోతే దాటాల్సింది డెబ్బై అయిదే. మా తోటికోడలికి అది మంచినీళ్ళు తాగినంత తేలిక. నా చేత్తో నేనే దాన్ని జాబితాలో కూర్చోబెట్టినట్టవుతుంది. ఈ ఆలోచన వస్తే కవరు మళ్ళీ జేబులోకి వెళ్ళేది.

కానీ కొట్టులో మా ఆయన పని ఆగిపోయింది. మందుల షాపతను త్రాసు తెచ్చి పెట్టి నాలుగుసార్లు తిరిగాడు, మా ఆయన రేపు రమ్మని పంపేశాడు. పళ్ళబండివాళ్ళనూ రేపు రమ్మన్నాడు. చెక్కపెట్టె మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు అడిగితే, నిజం చెప్పని చేత్తో ఎవరి కాటాకి నిజం నేర్పమంటావు అన్నాడు. నేను అసూయపడ్డ ఆ గుండ్లను ఆయన ముట్టుకోకపోతే నేనే చూడలేకపోయాను.

మర్నాడు ఉత్తరం విప్పి అడుగున నా రాతలో రెండు వాక్యాలు కలిపాను. మొన్నటి పోటీలో బార్‌ను విప్పింది నేనని, అలవాటుతో కాదు, కావాలనే విప్పానని. సంతకం పెట్టి పోస్టులో వేశాను. అక్కడి నుంచి తిన్నగా మా తోటికోడలి ఇంటికి వెళ్ళాను.

యూనిఫారాలకి కాలర్లు కుడుతోంది. నిలబడే చెప్పాను. ఎక్కడ కూర్చోమంటుందోనని భయపడి గబగబా చెప్పాను. మిషను ఆగింది. క్షమించేస్తుందేమో, అక్కా అని మళ్ళీ నన్నే ఓదారుస్తుందేమో అనుకున్నాను, అదే జరిగితే నేను బతకలేనని కూడా అనుకున్నాను. అది లేచి తలుపు తీసి పట్టుకుంది.

"ఇంకెప్పుడూ నన్ను చెల్లీ అనకు," అంది. "వెళ్ళు."

ఇన్నేళ్ళలో దాని నోటి వెంట నేను విన్న మొదటి కఠినమైన మాట అది. మా మరిది కూడా మా గుమ్మం తొక్కడం మానేశాడు. వీధిలో నేను ఎదురైతే అది అటు తిరిగి నడిచేది.

నెలన్నరకి పెద్దాఫీసు నుంచి జవాబు వచ్చింది. జాబితాలో నా పేరు తీసేశారు, డెబ్బై అయిదు మళ్ళీ ఎక్కింది. నేను ఏడాది పాటు బిళ్ళలు ముట్టుకోకూడదు. మా ఆయన ఇక తూకం వేయకూడదు. ఆ రోజు సాయంత్రం ఆయన పెట్టె తెరిచి మందుల షాపు త్రాసు సరిచేశాడు.

తర్వాతి పోటీకి నేను వెళ్ళకూడదనే అనుకున్నాను. కాళ్ళు ఆగలేదు. చివరి వరసలో కూర్చున్నాను, పక్కన మా ఆయన. చేతిలో కాటా లేకుండా ఆయన్ని ఆ హాల్లో చూడటం అదే మొదటిసారి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. తూకానికి హైస్కూలు సైన్సు టీచరు ఎలక్ట్రానిక్ కాటా తెచ్చింది. మా తోటికోడలు డెబ్బై ఆరు అడుగుతుందని, ఒక్క దెబ్బతో రికార్డు కొట్టేస్తుందని హాలంతా అనుకుంటోంది. పెద్దాఫీసు కాగితాలన్నీ పెద్ద రిఫరీ ముందు సిద్ధంగా ఉన్నాయి. నేను పళ్ళు పటపట కొరుకుతున్నాను.

బోర్డు మీద డెబ్బై తొమ్మిది పడింది.

పొరపాటనుకుని పెద్ద రిఫరీ మనిషిని పంపి అడిగించింది. పొరపాటు కాదంది. మా మరిది పరిగెత్తుకెళ్ళి ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతున్నాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒకసారి ఎత్తబోయిన బరువు తర్వాత తగ్గించడానికి ఒప్పుకోరు. డెబ్బై తొమ్మిదితో మొదలుపెడితే మూడుసార్లూ డెబ్బై తొమ్మిదో ఆపైనో ఎత్తాలి. అది మొగుడి మాట వినిపించుకోలేదు.

మొదటిసారి భుజాల మీదికి తెచ్చుకుంది గానీ కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయింది. హమ్మయ్య అనుకున్నాను. రెండోసారి తల పైకి లేపింది, బార్ వెనక్కి తూలింది, వదిలేసింది. అప్పుడూ హమ్మయ్యే అనుకున్నాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా అనుకున్నాను. మూడోసారి ఎత్తింది. మోకాళ్ళు నిలిచాయి, బార్ నిలిచింది. ఎడమ మోచెయ్యి వంగి సర్దుకుంది, అలా వంగకూడదు. ఒక తెల్ల లైటు, రెండు ఎర్ర లైట్లు. చెల్లదు. "మోచెయ్యి" అన్నాడు మా ఆయన, అంతే.

వరండాలో కుళాయి దగ్గర చేతుల సుద్ద కడుక్కుంటోంది. నేను వెళ్ళాను. మాట్లాడకూడదని తెలుసు, నోరు ఊరుకోలేదు. డెబ్బై ఆరు ఎత్తితే ఈ పాటికి నీ పేరు ప్రపంచమంతా ఉండేది కదే, ఏం పిచ్చి నీది అని తిట్టాను. అది తల ఎత్తకుండానే జవాబిచ్చింది.

"ఆ డెబ్బై ఆరు నాకెందుకు? నువ్వు ఎత్తింది డెబ్బై ఎనిమిది. నేను దాటాల్సింది నిన్ను."

అక్కా అనలేదు. కుళాయి కట్టేసి, చేతులు తన బట్టలకే తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నా డెబ్బై ఎనిమిది ఇప్పుడు ఏ కాగితంలోనూ లేదు. దాన్ని తూచినవాళ్ళు లేరు, అది నిజమని చెప్పే సంతకం లేదు, నా మొగుడే అది అబద్ధమని రాసిచ్చాడు. ఈ భూమ్మీద దాన్ని ఇంకా లెక్కలో ఉంచుకున్నది నేను మోసం చేసిన ఆ మనిషి ఒక్కతే. దానికోసం చేతికందిన ప్రపంచ రికార్డు వదులుకుని ఒట్టి చేతులతో ఇంటికి పోయింది. దాని చోట నేనుంటే డెబ్బై ఆరే అడిగేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు. అందుకే ఇవాళ్టికీ అది వీధిలో ఎదురైతే నాకు ఒళ్ళంతా మండిపోతుంది.